వేడినీళ్ల సంచి

నెల మొదటి తారీఖున జీతం పడుతుంది.
జీతం అనకూడదట, ఉపకార వేతనం అనాలట.
యుద్ధం ముగిశాక ఇంగ్లండు
తన మగపిల్లల్ని ఏ కథలు చెప్పి పడుకోబెట్టిందో
మూడున్నరేళ్లు కూర్చుని చదవడానికి
నాకిచ్చే కూలి.

హల్ నగరంలో, నది బురద వాసన
మెట్లెక్కి వచ్చే మూడో అంతస్తు.
గుడ్డ నాడాలతో కట్టిన అట్టపెట్టెలు.
పెన్ను బయటే వదిలెయ్యాలి, పెన్సిలొక్కటే లోపలికి.
క్వార్టీ గారు పెట్టెను బల్ల మీద దించుతారు,
నిద్రపోతున్న పసిబిడ్డను దించినట్టు.

మూడు పెన్నీల వారపత్రిక.
ప్రతి గురువారం మేజర్ థ్రోప్
ఒంటిచేత్తో ఒక అడవిని గెలుస్తాడు.
అడవికి పేరుండదు.
అందులో మనుషులకి మాటలుండవు, కేకలుంటాయి,
ఒక్కో కేకకి మూడేసి ఆశ్చర్యార్థకాలు.
థ్రోప్‌కి చెమట పట్టదు. దోమ కుట్టదు. అమ్మ ఉండదు.
గడ్డం మాత్రం రోజూ నున్నగా గీసుకుంటాడు.
ఆ అద్దాన్ని చెట్టుకి ఎవరు తగిలించారో
ఆ నీళ్లు ఎవరు మోసి, ఎవరు కాచారో
నూట నలభై సంచికల్లో ఎక్కడా లేదు.
నా మూడో అధ్యాయమంతా ఆ నీళ్ల గురించే.

పెట్టె అడుగున, అచ్చుకాని ఉత్తరాలు.
గ్రిమ్స్‌బీ నుంచి ఒక కుర్రాడు, గీతల కాగితం మీద:
"అయ్యా, మేజర్ గారికి రాత్రిళ్లు భయం వేయదా?
మా అన్న మలయా నుంచి వచ్చాడు.
దీపం ఆర్పనివ్వడు."
దాని మీద అడ్డంగా, ఎర్ర సిరాతో, సంపాదకుడు:
వేయొద్దు.

మా తాత హెడ్లీ రడక్.
పంతొమ్మిదో ఏట పట్టుకెళ్లారు, అదే మలయాకి.
తిరిగొచ్చి చేపల రేవులో
ఇరవై రెండేళ్లు మంచుగడ్డలు పగలగొట్టాడు.
చలి ఎముకల్లో కాపురం పెట్టినా
ఆ ఇంట్లోకి వేడినీళ్ల సంచి రానివ్వలేదు.
డోరీన్ నాయనమ్మ ఇటుక కాచి
పాత లాగు గుడ్డలో చుట్టి పక్కలో పెట్టేది.
ఎనిమిదేళ్లప్పుడు నేనొకటి తెచ్చుకున్నాను,
ఎర్రది, కుందేలు బొమ్మది.
తాత దాన్ని చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు
రెండు వేళ్లతో ఎత్తి పెరట్లోకి తీసుకెళ్లాడు.
చాలాసేపు లోపలికి రాలేదు.
"రబ్బరు వాసన," అంది నాయనమ్మ,
బంగాళాదుంప తొక్క తీస్తూ, తలెత్తకుండా.
అంతే. ఆ ఇంట్లో దాని గురించి
ఎవరైనా అన్న మాటలు ఆ రెండే.

"బావుంది," అంటారు మా గైడు పెన్హాలిగన్,
కళ్లజోడు నుదుటి మీదికి తోసి,
"కానీ ఆధారం?"
వాసనకి పాదసూచిక ఎలా వేయను?

నాకు డబ్బిచ్చే నిధికి ఒక చరిత్ర ఉంది,
నున్నటి కాగితం మీద రెండు పేరాలు.
రెండో పేరాలో, రెండు కామాల మధ్య, గొంతు తగ్గించి:
తోటలు.
ఏం తోటలో రాయలేదు.
నేను వెతికాను, వెతకడమే కదా నా పని.
చెట్టు ఒంటి మీద ఏటవాలు గాటు,
కింద కట్టిన చిన్న గిన్నె,
రాత్రంతా చుక్క చుక్క తెల్లగా.
గాటు పెట్టిన చేతుల పేర్లు
లెక్కల పుస్తకంలో అంకెలుగా ఉన్నాయి.
రెండో ఏడాది ఫారం వచ్చింది.
సంతకం పెట్టాను. అద్దె కట్టాలి.
థ్రోప్ అయితే చించి పారేసేవాడు,
వాడికి అద్దె ఉండదు.

ఈరోజు మూసేవేళ దాకా
ఆ కుర్రాడి ఉత్తరాన్ని పెన్సిలుతో దించుకున్నాను,
అక్షరదోషాలతో సహా.
క్వార్టీ గారు దీపాలు ఒక్కో వరుసా ఆర్పుతూ వచ్చి
నా వరుస దగ్గర ఆగారు. ఏమీ అడగలేదు.
ఎన్ని గురువారాలు వాడు
ముందు చివరి పేజీ తెరిచి
తన పేరు కోసం చూసుకున్నాడో.

ఇంటికొచ్చి, పడుకోబోతూ, స్విచ్చి మీద చెయ్యేస్తే
అప్పుడు తట్టింది:
వాడు తన పేరు రాశాడు, వీధి రాశాడు,
వయసు పదకొండుంపావు అని కూడా రాశాడు.
అన్న పేరు రాయలేదు.